నీడ రంగు మారిన 350 ఏళ్లు: రినైజాన్స్ నుంచి రొకోకో దాకా

ఐరోపా చిత్రకళలో వరసగా వచ్చిన మూడు శైలుల్లో రినైజాన్స్ అంటే సమతూకం, బరోక్ అంటే నాటకీయత, రొకోకో అంటే సొగసు. పాఠ్యపుస్తకాల్లోని ఈ మాటలు తప్పేమీ కాదు. కానీ పేరుపలక తీసేసి ఒక బొమ్మను మన ఎదుట పెడితే ఇవి అక్కరకు రావు. రినైజాన్స్ వాడైన బోటిచెల్లి బొమ్మల్లో సొగసు లేదా? అదే కాలపు టింటొరెట్టోలో నాటకీయత లేదా? వీటికంటే గట్టి ఆనవాలు నీడ. ఎర్రటి అంగీ మడతలో నీడ పడిన చోట చిత్రకారుడు ఏ రంగు వేశాడు, పలచగా వేశాడా మందంగా వేశాడా, దాని అడుగున ఉన్న పూత తెల్లదా ముదురుదా అని చూస్తే కాలం చాలావరకు తెలిసిపోతుంది. 1420ల నుంచి 1770ల దాకా ఈ ప్రశ్నలకు జవాబులు మారుతూ వచ్చాయి. మారిన ప్రతిసారీ వెనకాల ఒక కొత్త పదార్థమో, బొమ్మ తగిలించే గోడో, డబ్బిచ్చే మనిషో కనిపిస్తారు.

పచ్చసొన, తడి సున్నం

1400 ప్రాంతంలో చెన్నీనో చెన్నీని అనే చిత్రకారుడు రాసిపెట్టిన చేతిపుస్తకం వల్ల అప్పటి ఇటలీ పనితీరు మనకు బాగా తెలుసు. పోప్లర్ చెక్క పలకకు తోలు ముక్కలు కాచి తీసిన జిగురు పట్టిస్తారు. పాత నారగుడ్డ పీలికలు అతికిస్తారు. దానిపైన గరుకు జిప్సం పూత పడుతుంది. ఆ తర్వాత మెత్తని జిప్సం కనీసం ఎనిమిది పూతలు. ఈ మెత్తని జిప్సాన్ని నెలరోజులు నీళ్లలో ఉంచి రోజూ కలుపుతారు. దాంతో అది గడ్డకట్టే గుణం కోల్పోయి వెన్నలా తయారవుతుంది. ఆరాక గీకి నునుపు చేస్తే తెల్లటి నేల సిద్ధం. పై పూతల్లో జిగురు పాలు కింది వాటికంటే ఎక్కువైతే పలక పగుళ్లిస్తుంది.

నీళ్లతో నూరిన రంగుపొడికి దాదాపు అంతే పచ్చసొన కలిపితే టెంపెరా. సొన తగ్గితే రంగు పొడిపొడిగా రాలుతుంది. అసలు చిక్కు ఏమిటంటే టెంపెరా క్షణాల్లో ఆరిపోతుంది. పలక మీద రెండు రంగులను ఒకదానిలోకి ఒకటి కరిగించడం కుదరదు. అందుకే సన్నని కుంచెతో పక్కపక్కనే వందల గీతలు గీసి గుండ్రదనం తెప్పించేవారు. బట్టలకు మూడు గిన్నెలు పెట్టుకునేవారు: ఒకదాంట్లో అచ్చమైన రంగు, ఇంకోదాంట్లో కొంచెం తెలుపు కలిపినది, మూడోదాంట్లో తెలుపు బాగా కలిపినది. నీడకు అచ్చమైన రంగు, వెలుగుకు తెలుపు ఎక్కువున్న రంగు. అంటే ఆ బొమ్మల్లో అతి చిక్కటి రంగు ఉండేది నీడలోనే.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. పసుపు ఎంత చిక్కగా ఉన్నా లేతగానే కనిపిస్తుంది. నీలం సహజంగానే ముదురు. పసుపు అంగీ నీడ, పక్కనున్న నీలి అంగీ వెలుగుకంటే ప్రకాశంగా ఉంటుంది. ఇద్దరి మీదా ఒకే కిటికీ వెలుతురు పడుతోందని కన్ను నమ్మదు. ముఖాలది మరో సమస్య. చర్మం అడుగున పచ్చమట్టి రంగు పూసి పైన గులాబీ వేసేవారు. శతాబ్దాల శుభ్రతలో పై పూత అరిగిపోయి, చాలా పాత పలకల మీద మేరీమాత ముఖం ఇప్పుడు ఆకుపచ్చగా కనిపిస్తుంది.

గోడ మీదైతే ఫ్రెస్కో. తడి సున్నపు గచ్చు మీద నీళ్లలో కలిపిన రంగు వేస్తే, సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని రాయిలా మారుతూ రంగును తనలో బంధించేస్తుంది. గచ్చు ఆరేలోపు పూర్తిచేయగలిగినంత మేరకే ఏ రోజుకారోజు పూయాలి. ఆ రోజువారీ అతుకులు దగ్గరగా చూస్తే ఇప్పటికీ కనిపిస్తాయి. అన్ని రంగులూ సున్నానికి తట్టుకోవు. ఖరీదైన నీలాన్ని గచ్చు ఆరిన తర్వాత జిగురుతో వేసేవారు కాబట్టి ముందు రాలిపోయేది అదే. సీసపు తెలుపు వాడితే నల్లబడుతుంది. అసీసీలో చిమబూయె వేసిన గోడలు ఈ కారణంగానే ఫొటో నెగటివ్‌ల్లా మారిపోయాయి.

ఫ్లారెన్స్‌లోని బ్రాంకాచ్చి చాపెల్‌లో 1420ల మధ్య మసాచ్చో చేసిన పని ఇక్కడే మలుపు. బొమ్మల్లోని వెలుతురు ఆ చాపెల్‌లో నిజంగా ఉన్న కిటికీ వైపునుంచే వస్తున్నట్టు వేశాడు. అందరి నీడలూ ఒకే దిక్కున పడతాయి. అందులో ఒక ఘట్టం సెయింట్ పీటర్ వీధిలో నడుస్తుంటే ఆయన నీడ సోకిన రోగులు కోలుకోవడం. నీడే కథానాయకుడైన బొమ్మ అది. 1427 ప్రాంతంలో శాంతా మరియా నొవెల్లా చర్చిలో వేసిన ‘త్రిత్వం’లో వాస్తుశిల్పి బ్రూనెలెస్కీ చూపిన, చదునైన గోడ మీద లోతు తెప్పించే పర్‌స్పెక్టివ్ లెక్కను గోడకెక్కించాడు. గీతలన్నీ వెళ్లి కలిసే బిందువు నిలబడి చూసేవాడి కంటి ఎత్తులో, శిలువ పాదానికి కాస్త కింద ఉంటుంది. తాడు లాగి గీసిన గాట్లు గచ్చులో ఇంకా ఉన్నాయి. 1435లో అల్బెర్తి ఈ లెక్కను పుస్తకంగా రాశాక అది ఎవరైనా నేర్చుకోగల విద్య అయింది. రినైజాన్స్ అనగానే అందరూ పర్‌స్పెక్టివ్ గురించే మాట్లాడతారు గానీ, గీతలు కుదిరినంత మాత్రాన మనిషి గాలిలో నిలబడినట్టు ఉండడు. నీడ కుదరాలి. దానికి సొన చాలలేదు.

నూనె తెచ్చిన వెసులుబాటు

అవిసె నూనెతో రంగు కలపడం ఫ్లెమిష్ చిత్రకారుడు యాన్ వాన్ ఐక్ కనిపెట్టాడని, చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి చెప్పింది నిజం కాదు. అంతకు ముందే ఉంది. వాన్ ఐక్ చేసింది దాన్ని పరాకాష్ఠకు తీసుకెళ్లడం. ఓక్ పలక, తెల్ల సుద్ద నేల, దాని మీద గాజులాంటి పలచని పూతలు. 1432లో పూర్తయిన ఘెంట్ బలిపీఠం, 1434 నాటి ఆర్నొల్ఫీని దంపతుల చిత్రం చూడండి. వెలుతురు పూతల్లోంచి కిందికి దిగి, తెల్ల నేలకు తగిలి, రంగులోంచి తిరిగి వస్తుంది. అందుకే ఎరుపు కెంపులా మెరుస్తుంది. ఇక్కడ నీడ అంటే మరికొన్ని పూతలు, అంతే. నలుపు కలపనక్కర్లేదు.

నూనె రోజుల తరబడి తడిగా ఉంటుంది. తప్పు దిద్దుకోవచ్చు, అంచులు కరిగించవచ్చు. ఈ వెసులుబాటును చివరిదాకా లాగినవాడు లియొనార్డో. 1481లో మొదలుపెట్టి వదిలేసిన ‘జ్ఞానుల ఆరాధన’ ఉఫీజీ గ్యాలరీలో అసంపూర్ణంగా ఉండటం మన అదృష్టం, ఆయన పద్ధతి అందులో బట్టబయలు. అసలు రంగులకు ముందే బొమ్మంతటినీ గోధుమ ఛాయల్లో వెలుగునీడలుగా తేల్చేశాడు. అంగీ ఎరుపైనా నీలమైనా నీడ అందరికీ ఒకటే. చెన్నీని మూడు గిన్నెల లోపం దీంతో తీరింది. మోనాలిసా పెదవి చివర గీత కోసం వెతికితే దొరకదు. కొన్ని మైక్రాన్ల మందమున్న పూతలు ఒకదానిమీద ఒకటి పరిచిన మసక తప్ప.

అదే మనిషి మిలాన్‌లో ‘చివరి విందు’ను (1495–98) ఇలాగే తీరిగ్గా వేద్దామనుకుని తడి గచ్చును వదిలేసి పొడి గోడ మీద వేశాడు. సున్నం రంగును పట్టుకోలేదు, గోడ చెమ్మ వెనకనుంచి నెట్టింది. 20 ఏళ్లలోపే పెచ్చులూడటం మొదలైంది. 1978లో మొదలైన చివరి మరమ్మతు 1999 దాకా సాగింది.

వెనిస్‌ది వేరే దారి. ఉప్పుగాలికి అక్కడ ఫ్రెస్కో నిలవదు. ఓడల తెరచాపల ఊరు కాబట్టి గుడ్డకు కొదవ లేదు. పెద్ద గోడలకు కాన్వాస్ కుట్టి బిగించడం అక్కడ మామూలైంది. రంగులు అమ్మడమే వృత్తిగా ఉన్న దుకాణాలు ఇటలీలో ముందు వెనిస్‌లోనే కనిపిస్తాయి. అఫ్గాన్ బదక్షాన్ గనుల లాజవర్దం, అంటే ఖరీదైన నీలాన్నిచ్చే రాయి, ఆ రేవులోనే దిగేది. టిషియన్ ముందుగా పూర్తి రేఖాచిత్రం గీసి నింపడం మానేసి, కాన్వాస్ మీదే వెతుక్కుంటూ వేశాడు. ముతక నేతలో కుంచె తెగి తెగి పడే గీత నునుపు పలక మీద రాదు. ఫ్లారెన్స్ వాళ్లు దీన్ని గీత రానితనం అన్నారు. గీత గొప్పదా రంగు గొప్పదా అనే ఆ తగువు వందేళ్లు దాటాక పారిస్‌లో మళ్లీ లేస్తుంది.

నలుపు వద్దనుకున్న కొన్నాళ్లు

లియొనార్డో గోధుమ నీడ వెనక దారులు మూసేయలేదు. సిస్టీన్ చాపెల్ కప్పు (1508–12) మీద మైకెలాంజెలో నీడకు ఏకంగా వేరే రంగు వాడాడు: పసుపు అంగీకి ఆకుపచ్చ నీడ, గులాబీకి ఊదా. దాదాపు 20 మీటర్ల కిందనుంచి చూసేవాడికి మసక నీడలు ఆనవు, రంగు మారితే ఆనుతుంది. 1980లలో శతాబ్దాల కొవ్వొత్తి మసి తుడిచినప్పుడు ఆ రంగులు బయటపడి పెద్ద గొడవ అయింది. అంతకాలం పండితులు మసినే గాంభీర్యం అనుకున్నారు మరి.

పొంటోర్మో, పర్మిజానీనో, బ్రొంజీనోల మానరిజం అనే శైలి ఆ కప్పు కిందే పుట్టింది. ఫ్లారెన్స్ శాంతా ఫెలీచితా చర్చిలో పొంటోర్మో 1525–28 మధ్య వేసిన పలకలో క్రీస్తు దేహాన్ని మోస్తున్నవాళ్లున్నారు, శిలువ మాత్రం లేదు. పాదాల కింద భారం లేదు. నీడ పడాల్సిన చోట గులాబీ, లేత నీలం. 1527లో రోమ్ కొల్లగొట్టబడటం వల్లే కళ ఇలా కలత చెందిందని తరచూ చదువుతాం. ఈ పలక పని అంతకు ముందే మొదలైంది. చీకటి చాపెల్‌లో ఆ లేత రంగులు దీపం పెట్టినట్టు కనిపించడం కూడా ఒక కారణం. ఈ శైలి బలహీనత ఇంకోచోట ఉంది. గురువుల బొమ్మలు చూసి బొమ్మలు వేస్తూ పోయేసరికి మెడలు సాగాయి, భంగిమలు మెలితిరిగాయి, ఇందులో ఎవరు ఎవరో తెలియకుండా పోయింది.

చర్చికి ఇది నచ్చలేదు. ప్రొటెస్టంట్లు బొమ్మలనే వద్దంటున్న వేళ, 1563 డిసెంబర్‌లో కేథలిక్ పెద్దల ట్రెంట్ సభ పవిత్ర చిత్రాలు ఉండాల్సిందేనని, అయితే భక్తుడిని తప్పుదోవ పట్టించకూడదని తీర్మానించింది. అది ఉత్తి మాట కాదు. 1573లో వెరొనీసె వేసిన దాదాపు 13 మీటర్ల ‘చివరి విందు’లో విదూషకులు, జర్మన్ సైనికులు ఎందుకున్నారని మతన్యాయస్థానం పిలిచి అడిగింది. సొంత ఖర్చుతో మూడు నెలల్లో దిద్దమంది. ఆయన పేరు మార్చి ‘లేవి ఇంట విందు’ అని రాసేశాడు.

ముదురు నేల

రోమ్‌లోని సాన్ లుయీజీ దేయ్ ఫ్రాంచేజీ చర్చిలో 1599–1600లో కరవాజ్జో వేసిన ‘మాథ్యూకు పిలుపు’తో నేల రంగే మారింది. తెల్ల పూతకు బదులు కాన్వాస్ అంతటా ముదురు గోధుమ పూత. ఇప్పుడు నీడను వేయనక్కర్లేదు, అది ముందే అక్కడుంది. కుంచె పని వెలుగు తెప్పించడమే. ఒక పైకిటికీ వెలుతురులో నిజమైన మనుషులను కూర్చోబెట్టి, తడి పూతలో కుంచె పిడితో నాలుగు గాట్లు పెట్టి నేరుగా వేసేసేవాడు. ఆయనదని చెప్పదగ్గ కాగితం స్కెచ్ ఒక్కటీ దొరకలేదు. మధ్యఛాయల్లో చాలాచోట్ల నేలపూతనే అలా వదిలేశాడు. పని వేగంగా అయిపోతుంది, మూర్తులు చీకట్లోంచి ముందుకు దూకుతాయి, చర్చిలో చివరి వరసలో కూర్చున్నవాడికీ కథ తెలుస్తుంది. ట్రెంట్ కోరిన స్పష్టత ఇదే. అయినా మురికి పాదాలు, ఉబ్బిన శవం చూసి చర్చివాళ్లు ఆయన బొమ్మలు కొన్నింటిని తిప్పికొట్టారు. అలా కాదన్న ‘మేరీ మరణం’ను మాంటువా డ్యూక్ చేత కొనిపించింది ఫ్లెమిష్ చిత్రకారుడు కుర్ర రూబెన్స్.

ముదురు నేలకు మూల్యం ఉంది. సీసపు తెలుపు కలిసిన నూనెరంగు దశాబ్దాలు గడిచేకొద్దీ నూనెతో చర్య జరిపి సబ్బులా మారుతూ పారదర్శకమవుతుంది. తెల్ల నేల మీదైతే నష్టం తక్కువ. గోధుమ నేల మీద మాత్రం అడుగు పైకి తేలి, పలచగా వేసిన మధ్యఛాయలన్నీ మునిగిపోతాయి. దానికి తోడు చౌక నీలంగా వాడిన స్మాల్ట్ అనే కోబాల్ట్ గాజుపొడి నూనెలో బూడిదరంగుకు తిరుగుతుంది. రాగి ఆకుపచ్చలు గోధుమకు తిరుగుతాయి. 17వ శతాబ్దపు బొమ్మ ఎంత చీకటిగా కనిపిస్తే అంత నాటకీయమని మురిసే ముందు, అందులో ఎంత చీకటి చిత్రకారుడిది, ఎంత కాలానిది అని అడగాలి. రెంబ్రాంట్ 1642 బొమ్మ ‘రాత్రి గస్తీ’ రాత్రి దృశ్యమే కాదు, ముదిరిన వార్నిష్ తెచ్చిన పేరు అది. వెర్మీర్ ‘ముత్యపు జూకా అమ్మాయి’ వెనక కనిపించే నలుపు నిజానికి ఆకుపచ్చ తెర. నీలిమందు, పసుపు మొక్కరంగు కలిపిన పూత వెలిసిపోయింది.

బరోక్ అంతా కరవాజ్జో దారిలో నడవలేదు. యాంట్‌వెర్ప్‌లో రూబెన్స్ ఫ్లెమిష్ తెల్ల నేలను వదల్లేదు. దానిపై పలచని బూడిద-గోధుమ రంగును వెడల్పు కుంచెతో చారలు చారలుగా పూసి, ఆ చారలను కనిపించనిచ్చాడు. ఆయన నీడలు పలచన, అడుగు వెలుతురు తొంగిచూస్తుంది. వెలుగులు చిక్కన, తెలుపు మందంగా దిట్టించినవి. మ్యూజియంలో ఫ్రేమ్ పక్కనుంచి వాలుగా చూస్తే ఈ ఎత్తుపల్లాలు కనబడతాయి. నీడ కూడా వెలుగంత మందంగా ఉంటే చిత్రం చచ్చిపడి ఉంటుంది. అనుచరులు చాలామంది చేసిన తప్పు అదే. నీడలు వెచ్చగా, చర్మపు మధ్యఛాయలు చల్లని నీలిబూడిదగా వేయడం ఆయన రెండో కిటుకు. ఫ్రాన్స్ రాజమాత మరీ ద మెడిచీ కోసం 1622–25లో చేసిన 24 కాన్వాసులు పారిస్ లక్సెంబర్గ్ భవనంలో ఉండిపోయాయి. రొకోకో విత్తనం అక్కడ పడింది.

పారిస్‌లో గదులు చిన్నవయ్యాయి

1648లో మొదలైన ఫ్రెంచ్ అకాడమీలో చిత్రకారుడు లె బ్రూన్ మాటే శాసనం: గీత ముందు, రంగు తర్వాత, గీతకు పేరుపడ్డ పూసిన్ ఆదర్శం. 1670ల నుంచి రూబెన్స్ పక్షం తిరగబడింది. ఆ పక్షం పెద్ద రోజె ద పీల్ 1708లో చిత్రకారులకు మార్కుల పట్టిక అచ్చేశాడు. కూర్పు, గీత, రంగు, భావం కలిపి రఫేల్‌కూ రూబెన్స్‌కూ సరిగ్గా 65 చొప్పున! భావంలో కరవాజ్జోకు సున్నా. పట్టిక హాస్యాస్పదమే కానీ, రూబెన్స్‌ను రఫేల్ పక్కన కూర్చోబెట్టడంతో రంగు పక్షం గెలిచిందని అర్థం.

1715లో 14వ లూయీ చనిపోగానే ఆస్థానం వెర్సాయ్ వదిలి పారిస్ చేరింది. ప్రభువులు నగరంలో సొంత భవనాలు కట్టుకున్నారు. గదులు చిన్నవి, తెల్లటి చెక్క పలకల గోడలు, బంగారు తీగ నగిషీ, ఎదురెదురు అద్దాలు, రాత్రి కొవ్వొత్తులు. ఈ గోడ మీద కరవాజ్జోను తగిలిస్తే రంధ్రం పడినట్టుంటుంది. ఇక్కడికి కావలసింది తలుపు పైన నగిషీ చట్రంలో ఒదిగే లేత బొమ్మ. డబ్బిచ్చేవాళ్లలో ఇప్పుడు బ్యాంకర్లు, పన్ను గుత్తేదార్లు కూడా ఉన్నారు. వాళ్లకు సెయింట్ల రక్తపాతం అక్కర్లేదు.

లక్సెంబర్గ్ భవనంలో రూబెన్స్ కాన్వాసులను దగ్గరగా చదివిన చిత్రకారుడు వాత్తో, అకాడమీకి ఇవ్వాల్సిన ప్రవేశచిత్రాన్ని చాలా ఆలస్యంగా 1717లో ఇచ్చాడు: ‘సితేరా దీవికి యాత్ర’. రూబెన్స్ మెరుపు ఉంది, కండలు లేవు. ప్రేమికులు చిన్నగా, చెట్లు ఈకల్లా, నీడలు బంగారు ఆకుపచ్చ. 1720లో గెర్సాఁ అనే బొమ్మల వ్యాపారి దుకాణం కోసం వేసిన బోర్డులో ఒక మూల 14వ లూయీ చిత్రపటాన్ని పెట్టెలో సర్దేస్తుంటారు. ఇంతకంటే సూటిగా ఒక యుగం ముగిసిందని చెప్పిన బొమ్మ నేనెరగను. అయితే వాత్తో పనివాడుగా అశ్రద్ధ మనిషి. రంగులు కలుపుకునే పలక కడిగేవాడు కాదు, కుంచె జారాలని నూనె అతిగా కలిపేవాడు. అది ముడతలు పడి పగిలి, బొమ్మలు త్వరగా పాడవుతున్నాయని మిత్రుడు కేలూస్ తర్వాత రాశాడు.

రొకోకో రంగుకు రసాయనం కూడా తోడైంది. 1700ల తొలి ఏళ్లలో బెర్లిన్‌లో యాదృచ్ఛికంగా తయారైన ప్రష్యన్ బ్లూ పద్ధతి 1724లో బయటికొచ్చింది. లాజవర్దం ధరతో పోలిస్తే ఇది కారుచౌక. చిటికెడు వేసినా బోలెడు తెలుపును నీలం చేస్తుంది. రొకోకో చిత్రకారుడు బూషే ఆకాశాలు, పట్టు గౌన్ల నీడలు ఆ నీలంతో నిండిపోయాయి. తెలుపు మరీ ఎక్కువైతే ఇది వెలిసిపోతుందన్నది తర్వాత తెలిసిన సంగతి.

ఇంకొందరు నూనెనే వదిలేశారు. వెనిస్ నుంచి 1720లో పారిస్ వచ్చిన రొసాల్బా కరియెరా పాస్టెల్ ముఖచిత్రాలకు నగరం ఎగబడింది, అకాడమీ సభ్యత్వమిచ్చింది. రంగుపొడి, సుద్ద, కాస్త బంక కలిపి చేసిన పుల్లలతో నీలి కాగితం మీద వేస్తే చర్మం మీది పౌడర్ నిజంగా పౌడర్‌లాగే ఉంటుంది. నూనె లేదు కాబట్టి పచ్చబడదు. కానీ కుదుపుకు రాలుతుంది, చెమ్మకు బూజు పడుతుంది, రాలకుండా ద్రవం చల్లితే రంగు ముదురుతుంది. గాజు తప్పనిసరి. పాస్టెల్ చిత్రకారుడు లా టూర్ 1755లో 15వ లూయీ ప్రియురాలు మదాం ద పొంపదూర్ నిలువెత్తు చిత్రాన్ని అనేక కాగితాలు అతికించి వేశాడు.

ఫ్రెస్కోలోనూ ఇదే గాలి. జర్మనీ వూర్ట్స్‌బుర్గ్ భవనంలో టియెపొలో 1752–53లో వేసిన మెట్లదారి కప్పు సుమారు 30 మీటర్ల పొడవు. అందులో అధికభాగం ఖాళీ ఆకాశం. మూర్తులను అంచులకు నెట్టి, నీడలను నీలంతో, ఊదాతో తేల్చేశాడు.

ఫ్రాగొనార్ ‘ఉయ్యాల’ (1767) 81 × 64 సెంటీమీటర్లే. గులాబీ గౌను చుట్టూ ముదురు నీలిపచ్చ తోట. ఇక్కడ నీడ భయపెట్టదు, ప్రియుడు దాక్కోవడానికి పనికొస్తుంది. ఇదంతా పైపై మెరుగని రచయిత, విమర్శకుడు దిదరో అప్పటికే బూషేను దులిపేస్తున్నాడు, పక్కనే షార్డాన్ రాగి గిన్నెల నిశ్చల చిత్రాలను ఆకాశానికెత్తుతున్నాడు. షార్డాన్ బతికింది రొకోకో కాలంలోనే. ఆయన వెచ్చని గోధుమ నీడలను చూసి ఎవరూ రొకోకో అనరు. కాలం పేరు చెప్పి శైలి నిర్ణయించేవాళ్లు ఆయన దగ్గర తప్పకుండా తడబడతారు.

1771లో 15వ లూయీ తర్వాతి ప్రియురాలు మదాం ద్యు బారీ తన లూవ్‌సియెన్ మంటపం కోసం ఫ్రాగొనార్‌ను నాలుగు పెద్ద కాన్వాసులు అడిగింది. వేశాడు, ఆమె తిప్పి పంపింది. మంటపం అప్పటికి కొత్త పద్ధతి కట్టడం: తిన్నని గీతలు, గ్రీకు స్తంభాలు. హెర్కులేనియం, పాంపే తవ్వకాలతో యూరప్ రుచి అటు తిరిగింది. ఆ చోట వియన్ అనే చిత్రకారుడి గ్రీకు దుస్తుల అమ్మాయిలు చేరారు. వియన్ శిష్యుడే డేవిడ్. 1784లో డేవిడ్ వేసిన ‘హొరేషియస్ సోదరుల ప్రమాణం’లో మూడు కమానుల వెనక మళ్లీ చిక్కటి నల్లని నీడ.